లేత్ ఆటోమేటిక్ కంట్రోలుకు పేటెంటు నిరాకరించారు: "స్వయంవిదితం" అన్న ఉత్తర్వు మీద అప్పీలు నిలబడుతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. భీమవరం దగ్గర మేనమామతో కలిసి లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) వర్క్‌షాపు నడుపుతున్న ఒక యువకుడు పాత లేత్‌కు బిగించుకునే ఆటోమేటిక్ కంట్రోలు కిట్టు ఒకటి తయారుచేశారు. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందిస్తూ తిరిగే ఏరియేటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టులు సీలు దగ్గర అరిగిపోయినప్పుడు, ఆ చోటును వెల్డింగుతో నింపి మళ్లీ కొలతకు టర్నింగు చేసే పనికి అది ఉద్దేశించినది. పేటెంటుకు దరఖాస్తు పెడితే కంట్రోలర్ (దరఖాస్తును తేల్చే పేటెంటు కార్యాలయ అధికారి) రెండు పాత పత్రాలు చూపించి, ఆ రెండింటినీ కలిపితే ఈ యంత్రం వస్తుందనీ, పని తెలిసినవారికి ఇది స్వయంవిదితమనీ, అంటే ఇట్టే తట్టేదనీ చెప్పి సెక్షన్ 15 కింద తిరస్కరించారు. ఉత్తర్వు వచ్చి యాభై రోజులైంది. అప్పీలు చేస్తే నిలబడుతుందా, డబ్బు దండగ అవుతుందా అని వారు అడుగుతున్నారు.

మీరు జతచేసిన స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరణ పత్రం), క్లెయిములు (పేటెంటు హక్కు కోరుతున్న అంశాలు), ఉత్తర్వు, విచారణ తరువాత మీ ఏజెంటు ఇచ్చిన లిఖిత వాదన అన్నీ రెండుసార్లు చదివాను. అప్పీలుకు వెళ్లమనే నా సలహా. అయితే మీరు రాసిన కారణాలతో వెళ్లవద్దు. "మా కిట్టు పదకొండు వర్క్‌షాపులవారు కొన్నారు, చేతితో రాని ఫినిషింగ్ దీనితో వస్తోంది, ఇంతవరకు ఎవరూ చేయలేదు" అన్న మూడు మాటల మీదే అప్పీలు కడితే అది నిలవదు. మీ బలమంతా నాలుగో క్లెయిములో ఉంది. ఆ నాలుగో క్లెయిమును మొదటి క్లెయిములో కలిపి మీ ఏజెంటు విచారణ తరువాత దాఖలు చేశారు. ఉత్తర్వులో మాత్రం పాత మొదటి క్లెయిమునే ఎత్తిరాసి, దాని మీదే కారణాలు చెప్పారు. సవరించిన క్లెయిము గురించి ఒక్క వాక్యం కూడా లేదు. అప్పీలుకు అసలైన ఆధారం అక్కడ దొరుకుతుంది.

నేను ఇంజనీరింగ్ చదవడానికి ముందు రాజమండ్రి, ధవళేశ్వరం వైపు వర్క్‌షాపుల్లో ఏడేళ్లు లేత్ మీద నిలబడ్డాను. పేటెంటు ఏజెంటు పరీక్ష ఆ తరువాతి సంగతి. అందువల్ల మీ ఉత్తర్వును చట్టం వైపు నుంచి చదివే ముందు లేత్ వైపు నుంచి చదివాను. మీ లాయరుకు కూడా ముందు లేత్ చూపించి తరువాత ఫైలు చూపించండి.

షాఫ్టును ఒక కొసన పట్టి తిప్పే చక్‌కు, రెండో కొసను ఆనించి ఉంచే టెయిల్‌స్టాక్ సెంటరుకు మధ్య కట్టి కట్ మొదలుపెడితే, వెల్డింగు లేని భాగంలో శబ్దం ఒకే తీరుగా సాగుతుంది. టూలు వెల్డింగు గుట్టను తాకగానే ఆ శబ్దం మారుతుంది, మోటారు మూలుగుతుంది, టూలును పట్టి ఉంచే టూల్‌పోస్టు మీద చెయ్యి పెడితే అదురు తెలుస్తుంది. ఆ క్షణంలో ఏ టర్నరు చెయ్యి అయినా ఫీడు (టూలు ముందుకు జరిగే వేగం) వదులు చేయడానికే పోతుంది. మామూలు మైల్డ్ స్టీలు మీద అది పనికివస్తుంది కూడా. స్టెయిన్‌లెస్ స్టీలు మీద అదే చేస్తే టూలు కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. రుద్దిన చోట పై పొర ఇంకా గట్టిపడి అద్దంలా మెరుస్తుంది, తరువాతి పాస్‌లో, అంటే మళ్లీ ఒకసారి కోసేటప్పుడు, టూలు దాని మీద జారిపోతుంది, మొన నల్లబడి చిట్లిపోతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఇలా పాడుచేసిన షాఫ్టులు ఒకటి రెండు కాదు. నాకు పని నేర్పిన పెద్దాయన లేత్ ఆపి, బెల్టును వేగం తగ్గే పుల్లీకి మార్చి, అదే ఫీడుతో మళ్లీ కట్ ఇచ్చేవారు. మీ మావయ్యగారు కూడా అలాగే చేస్తారని మీరే రాశారు. ఈ మాట మీ కేసులో ఒక చోట మీకు సాయపడుతుంది, మరో చోట ఎదురుతిరుగుతుంది. ఆ రెండో సంగతి కింద చెబుతాను.

ఇప్పుడు చట్టం. పేటెంట్ల చట్టం, 1970లో సెక్షన్ 2(1)(జేఏ) ఇన్వెంటివ్ స్టెప్ (ఆవిష్కరణలో ఉండవలసిన ముందడుగు) గురించి చెప్పేది ఇది: అప్పటికి ఉన్న జ్ఞానంతో పోలిస్తే సాంకేతికంగా ముందడుగు గానీ, ఆర్థిక ప్రాముఖ్యం గానీ, రెండూ గానీ ఉండాలి, దానితోపాటు ఆ విద్యలో నైపుణ్యం ఉన్న వ్యక్తికి అది స్వయంవిదితం కాకూడదు. పదకొండు వర్క్‌షాపులవారు కొన్నారన్న మీ మాట ఇందులో ఆర్థిక ప్రాముఖ్యానికి ఉపయోగపడవచ్చు. ఆ ప్రాముఖ్యం ఎంత ఉన్నా, స్వయంవిదితమైన దానికి అది పేటెంటు తెచ్చిపెట్టదు.

ఈ విషయంలో మన దేశంలో అందరూ మొదట చూపించే తీర్పు లేత్ గురించే కావడం మీకు తెలియాలి. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు 1978 డిసెంబరు 13న ఇచ్చిన తీర్పు అది. ఇత్తడి, జర్మన్ సిల్వరు పళ్లేలను లేత్ మీద టర్నింగు, పాలిషింగు చేసేటప్పుడు, వాటిని టెయిల్‌స్టాక్ లేకుండా వేడికి మెత్తబడే జిగురుతోనో, చక్ దవడలతోనో జాబును తిప్పే వైపున్న హెడ్‌స్టాక్‌కు పట్టించేవారు. పళ్లెం ఊడి వచ్చి పనివాడికి తగిలే ప్రమాదం ఉండేది. పేటెంటుదారులు రెండో వైపు నుంచి టెయిల్‌స్టాక్ ద్వారా ఒత్తిపట్టే స్పిండిల్ (తిరిగే ఇరుసు) తెచ్చి, పని భద్రంగా, త్వరగా, నునుపుగా సాగేలా చేశారు. పనికి మేలు జరిగిన మాట నిజమే. అయినా టెయిల్‌స్టాక్, ఒత్తిడి స్పిండిల్ రెండూ ఎప్పటినుంచో తెలిసినవే గనుక ఇది కేవలం వర్క్‌షాపు స్థాయి మెరుగుదల అని కోర్టు తేల్చింది. పేటెంటు రద్దయింది. మీ ఉత్తర్వులో కంట్రోలర్ ఎత్తిచూపిన "వర్క్‌షాపు మెరుగుదల" అన్న మాటకు మూలం ఈ తీర్పే.

ఆ తీర్పులో మీకు పనికివచ్చే భాగం కూడా ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. సమస్యను ఎదుర్కొంటున్న, కానీ ఈ ఆవిష్కరణ గురించి ఏమీ తెలియని సమర్థుడైన పనివాడి చేతిలో పాత పత్రాన్ని పెడితే "నాకు కావలసింది ఇందులో దొరికింది" అని అతను అనగలడా అన్నదే పరీక్ష అని కోర్టు చెప్పింది. ఆవిష్కరణ గురించి తెలియకుండా అన్నది ఇక్కడ ఆయువుపట్టు. మీ ఉత్తర్వు ఈ పరీక్షను పేరుకు ఎత్తింది గానీ పెట్టలేదు. లెక్కకు జవాబు ముందే చూసుకుని, ఆ జవాబు వచ్చేటట్టు వెనకనుంచి మెట్లు రాసుకున్నట్టుగా రెండు పత్రాలనూ కలిపింది.

ముందు మీ పాత మొదటి క్లెయిము గురించి చెప్పవలసింది చెబుతాను, నొచ్చుకోకండి. "స్పిండిల్ మోటారు మీద లోడును కొలిచి, దాని ప్రకారం యంత్రాన్ని తనంతట తాను నియంత్రించే సాధనం" అన్నంత వెడల్పుగా రాస్తే అది నిలవదు. జాన్ పార్సన్స్, ఫ్రాంక్ స్టూలెన్ మెషిన్ టూలును మోటార్లతో అంకెల ప్రకారం నడిపే సాధనానికి 1952లో దరఖాస్తు పెట్టి 1958లో అమెరికా పేటెంటు పొందారు. కోత సాగుతుండగానే లోడును గమనించి ఫీడును మార్చే అడాప్టివ్ కంట్రోలు కూడా 1960ల నుంచే ఉంది. చేతిపనిని యంత్రానికి అప్పగించాలనుకోవడం మాత్రమే ఆవిష్కరణ కాదు. అమెరికాలో 1958లో వెన్నర్ కేసులో ఇదే తేలింది: పిస్టన్లు పోతపోసే అచ్చులో మనిషి సమయం చూసి చేసే పనిని టైమరుతో చేయించినంత మాత్రాన, ఫలితం అదే అయినప్పుడు, పేటెంటుకు చాలదని ఆ కోర్టు చెప్పింది. అది మన కోర్టులకు శాసనం కాదు. అయినా మీ ఉత్తర్వులోని ఏడో పేరాలో ఉన్నది ఆ తర్కమే, మీ పాత క్లెయిముకు అది సరిగ్గా అతుకుతుంది. అందుకే అప్పీలు మెమోలో పాత మొదటి క్లెయిమును సమర్థించడానికి ఒక్క పేజీ కూడా ఖర్చు చేయకండి. దాన్ని పట్టుకుని వేలాడితే, కోర్టు దృష్టిలో నాలుగో క్లెయిము విలువ కూడా తగ్గుతుంది.

నాలుగో క్లెయిము వేరు. మొదటి తేలిక పాస్‌లో షాఫ్టు పొడవునా ఎక్కడెక్కడ లోడు ఎంత పెరిగిందో టూలును మోసుకెళ్లే క్యారేజికి బిగించిన ఎన్‌కోడరు (ఎంత దూరం జరిగిందో కొలిచే సాధనం) కొలతతో జతచేసి నమోదు చేయడం, తరువాతి పాస్‌లో టూలు ఆ గట్టి భాగాన్ని చేరక ముందే స్పిండిల్ వేగాన్ని తగ్గించడం, ఆ భాగం దాటేవరకు చుట్టుకు ఫీడును (షాఫ్టు ఒక్క చుట్టు తిరిగేసరికి టూలు జరిగే దూరాన్ని) మాత్రం తగ్గనివ్వకపోవడం. మీ పట్టికలో ఉన్న ఉదాహరణనే తీసుకుంటే, 40 మిల్లీమీటర్ల షాఫ్టు నిమిషానికి 400 చుట్లు తిరుగుతున్నప్పుడు కోత వేగం నిమిషానికి సుమారు 50 మీటర్లు, వెల్డింగు భాగానికి ముందే దాన్ని 250 చుట్లకు దించితే అది 31 మీటర్లకు పడుతుంది. వేడి తగ్గుతుంది. చుట్టుకు ఫీడు 0.2 మిల్లీమీటర్ల దగ్గరే ఉండిపోతుంది కాబట్టి, టూలు మొన గట్టిపడిన పై పొర మీద రుద్దకుండా దాని కిందనుంచి కోస్తుంది.

ఇప్పుడు కంట్రోలర్ చూపిన పత్రాలను దీని పక్కన పెట్టండి. డీ1లో, అంటే మొదటి పత్రంలో, లోడు పెరిగితే ఫీడు మోటారును నెమ్మది చేస్తారు, స్పిండిల్ వేగాన్ని ముట్టుకోరు. స్పిండిల్ వేగం నిలకడగా ఉంటేనే లోడు కొలత నమ్మదగినదని ఆ పత్రమే ఒక చోట చెబుతోంది. రెండో పత్రం డీ2 గ్రైండింగ్ (సానబెట్టే) యంత్రం గురించి. మొదటి పాస్‌లో జాబ్ (పని జరిగే వస్తువు) ఆకారాన్ని కొలిచి గుర్తుపెట్టుకుని, తరువాతి పాస్‌లో చక్రం ఎంత లోపలికి వెళ్లాలో నిర్ణయిస్తుంది. ఈ రెండింటినీ కలిపే ఆలోచన ఒక ఇంజనీరుకు వచ్చిందనే అనుకుందాం. అప్పుడు అతని చేతికి వచ్చేది, గట్టి భాగం ఎక్కడుందో ముందే తెలుసుకుని అక్కడికి చేరకముందే ఫీడును తగ్గించే యంత్రం. అది మీ యంత్రం కాదు. మీ షాఫ్టు మీద అది మరింత శ్రద్ధగా, మరింత ముందునుంచి రుద్దుతుంది, అంతే. రెండు పత్రాలనూ పూర్తిగా కలిపినా మీ దగ్గరికి చేరుకోలేమన్న ఈ మాటను మెమోలో మొదటి పేజీలోనే, ఇంత సూటిగా, బొమ్మతో సహా పెట్టించండి.

ఇంకో సంగతి మీ స్పెసిఫికేషన్‌లో ఉన్నా మీ ఏజెంటు వాడుకోలేదు. మీ కిట్టులో ఫీడుకు వేరే మోటారు లేదు. పాత లేత్‌లో క్యారేజిని నడిపే ఫీడు రాడ్డు గేర్ల ద్వారా స్పిండిల్‌కే ముడిపడి ఉంటుంది కాబట్టి, మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీతో స్పిండిల్‌ను నెమ్మది చేస్తే క్యారేజి కూడా అంతే నిష్పత్తిలో నెమ్మదించి, చుట్టుకు ఫీడు తనంతట తానే మారకుండా ఉంటుంది. డీ1 యంత్రాన్ని ఈ లేత్ మీదికి తేవాలంటే ఆ గేర్ల వరుసను విప్పి పక్కన పెట్టి, ఫీడుకు ప్రత్యేకంగా మోటారు, డ్రైవు అమర్చాలి. డీ1 చదివిన నిపుణుడికి ఆ గేర్లు అడ్డంకిగా కనబడతాయి. మీరు వాటినే పనిముట్టుగా వాడుకున్నారు. కంట్రోలర్ తన ఉత్తర్వులో "ఫీడుకు బదులు స్పిండిల్ వేగాన్ని ఎంచుకోవడం కేవలం ఇష్టానుసారమైన మార్పు" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఎందుకు ఎంచుకుంటాడో, డీ1 వద్దన్న దారిలోనే ఎందుకు నడుస్తాడో చెప్పలేదు.

ఇలా కారణం చెప్పకుండా తేల్చేయడం సరిపోదని మన కోర్టులు చాలాసార్లు చెప్పాయి. 2022 మార్చిలో అగ్రిబోర్డ్ ఇంటర్నేషనల్ కేసులో ఢిల్లీ హైకోర్టు, ఇన్వెంటివ్ స్టెప్ లేదని తిరస్కరించే కంట్రోలర్ మూడు విషయాలు చూడాలని స్పష్టం చేసింది: పాత పత్రంలో వెల్లడైనది ఏమిటి, దరఖాస్తులో వెల్లడైనది ఏమిటి, మొదటిదాని నుంచి రెండోది నిపుణుడికి ఏ విధంగా స్వయంవిదితమవుతుంది. మూడోది లేకుండా మొదటి రెండూ రాసి ముగించడం కుదరదు. అంతకుముందు 2015లో హాఫ్‌మన్ లా రోష్, సిప్లా కేసులో అదే కోర్టు డివిజన్ బెంచి, సామాన్య నిపుణుడు ఎవరో గుర్తించడం దగ్గర మొదలుపెట్టి, తేడాలను వరుసగా రాసి, ఆవిష్కరణ తెలిసిన తరువాతి చూపుతో కాకుండా ఆనాటి చూపుతో ఆ తేడాలను తూచాలని మెట్లు చూపించింది. ఢిల్లీ తీర్పులు మీ అప్పీలు వినబోయే మద్రాసు హైకోర్టుకు కట్టుబాటు కావు, అయినా గౌరవంతో చూస్తారు. సుప్రీంకోర్టు తీర్పు మాత్రం అందరికీ కట్టుబాటే. కాబట్టి బిశ్వనాథ్ ప్రసాద్ తీర్పును ఎదుటివారు ఎత్తేదాకా ఆగకుండా మీరే ముందుగా ఎత్తి, అక్కడ పాత టెయిల్‌స్టాక్ తన పాత పనినే చేసిందనీ, ఇక్కడ పాత వీఎఫ్‌డీ, పాత ఎన్‌కోడరు, పాత గేర్లు కలిసి డీ1కు వ్యతిరేకమైన పని చేస్తున్నాయనీ తేడా చూపించండి.

"ఇంత చిన్న మార్పు ఎవరికైనా తడుతుంది" అన్న వాదనకు 2022 నవంబరులో వచ్చిన ఆవెరీ డెన్నిసన్ తీర్పు ఉపయోగపడుతుంది. పాత పత్రం వచ్చి చాలా కాలం గడిచినా, అంత సులువైన మార్పును ఎవరూ చేయలేదంటే అది అంత స్వయంవిదితం కాదనడానికి అదొక సూచన అని ఢిల్లీ హైకోర్టు అందులో అంది. మీ డీ1 వచ్చి పాతికేళ్లు దాటింది. "ఇంతవరకు ఎవరూ చేయలేదు" అన్న మీ మాటకు చోటు ఇక్కడ ఉంది, కానీ ఇది పక్క వాదన. దీన్ని ముందు పెట్టకండి.

ఇక మీకు ఎదురుతిరిగే సంగతి. మావయ్యగారు లేత్ ఆపి బెల్టు మార్చి అదే ఫీడుతో కోస్తారని మీరు నాకు రాసినట్టే స్పెసిఫికేషన్‌లో కూడా రాశారు. దాపరికం లేకుండా రాయడం మంచిదే. అయితే ప్రభుత్వ లాయరు పట్టుకునేది అదే పేరా. నిపుణుడైన టర్నరుకు ఈ కిటుకు ముందే తెలుసు, మీరు దాన్ని యంత్రానికి అప్పగించారు, అంతకు మించి ఏముంది అని అడుగుతారు. స్టెయిన్‌లెస్ స్టీలును మరీ తక్కువ ఫీడుతో కోయకూడదన్న సంగతి మెషినింగ్ పుస్తకాల్లో కూడా ఉంది. దీనికి జవాబు ముందుగా సిద్ధం చేసుకోకపోతే విచారణలో తడబడతారు.

నా ఉద్దేశంలో జవాబు ఇది. టర్నరు గట్టి భాగాన్ని తాకిన తరువాత, శబ్దం విని, లేత్ ఆపి, పుల్లీ మార్చి, టూలును వెనక్కి తెచ్చి మళ్లీ కట్ మొదలుపెడతాడు. ఆ మొదటి తాకిడిలోనే మొనకు జరగవలసిన నష్టం జరుగుతుంది, ఆగిన చోట షాఫ్టు మీద చార కూడా పడుతుంది. పుల్లీ మార్చాక షాఫ్టు మొత్తాన్ని ఆ తక్కువ వేగంతోనే కోస్తాడు, ఎందుకంటే గట్టి భాగం దాటగానే మళ్లీ ఆపి పుల్లీ మార్చే ఓపిక ఎవరికీ ఉండదు. మీ పద్ధతిలో తాకిడికి ముందే వేగం తగ్గుతుంది, కోత ఆగదు, భాగం దాటగానే వేగం తిరిగి వస్తుంది. ఫలితం ఒకటే అయినప్పుడు వర్తించే వెన్నర్ తర్కం ఇక్కడ వర్తించదు, ఎందుకంటే చేతితో వచ్చే ఫలితం, మీ కిట్టుతో వచ్చే ఫలితం ఒకటి కాదు. ఈ తేడా మీ స్పెసిఫికేషన్ పన్నెండో పేజీలో, ఆగిన చార గురించిన రెండు వాక్యాల్లో ఉంది. అది ముందే రాసి ఉండడం మీ అదృష్టం. దాఖలు చేసిన రోజున స్పెసిఫికేషన్‌లో లేని ప్రయోజనాన్ని అప్పీలులో కొత్తగా చెబితే దానికి అంత బరువు ఉండదు.

ఉత్తర్వు చివర సెక్షన్ 3(ఎఫ్) అని ఒక్క ముక్క రాశారు. తెలిసిన సాధనాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా దేని పని అది చేసుకుంటూ ఉంటే, వాటిని ఒకచోట చేర్చడం ఆవిష్కరణ కాదని ఆ సెక్షన్ సారాంశం. ఎన్‌కోడరు నమోదు లేకపోతే వీఎఫ్‌డీ ఎప్పుడు నెమ్మదించాలో తెలియదు, గేర్లు లేకపోతే నెమ్మదించినా ఫీడు నిలవదు. మూడూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయని చెబితే చాలు. సెక్షన్ 3(కె) కింద కంప్యూటర్ ప్రోగ్రాం అన్న అభ్యంతరం ఉత్తర్వులో లేదు కాబట్టి దాని జోలికి మీరు పోవద్దు.

గడువు విషయంలో మాత్రం ఒక్కరోజు కూడా అలసత్వం పనికిరాదు. సెక్షన్ 117ఏ ప్రకారం ఉత్తర్వు తేదీ నుంచి మూడు నెలల లోపు అప్పీలు దాఖలు చేయాలి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉన్నా దాన్ని నమ్ముకోకండి. యాభై రోజులు గడిచాయంటే మీకు మిగిలింది సుమారు నలభై రోజులు. అందులో లాయరును ఎంచుకోవడానికి, వారికి యంత్రం అర్థం కావడానికే ఇరవై రోజులు పోతాయి. సెక్షన్ 77 కింద కంట్రోలర్ దగ్గరే రివ్యూ అడిగే దారి ఒకటి ఉంది, సవరించిన క్లెయిమును చూడలేదన్న పొరపాటుకు అది చక్కగా సరిపోతుంది. దాని గడువు ఒక నెల, అది దాటిపోయింది; పొడిగింపు అడిగే వీలు నిబంధనల్లో ఉంది గనుక ఆ సంగతి అడ్వకేటుతో వెంటనే మాట్లాడండి. మీ ఏజెంటు ఆ సంగతి మీకు చెప్పి ఉండవలసింది.

ఒకప్పుడు ఈ అప్పీళ్లు మేధాసంపత్తి అప్పిలేట్ బోర్డుకు వెళ్లేవి. 2021లో ఆ బోర్డును రద్దు చేశాక హైకోర్టులకే వెళుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి కాబట్టి, మీ అప్పీలు అమరావతిలోని హైకోర్టుకు కాకుండా మద్రాసు హైకోర్టుకు వెళుతుంది. అక్కడ మేధాసంపత్తి కేసులకు ప్రత్యేక విభాగం 2023 నుంచి పనిచేస్తోంది. ఏజెంటుగా నాబోటివారు కంట్రోలర్ ఎదుట వాదించవచ్చు గానీ హైకోర్టులో వాదించడానికి అడ్వకేటే కావాలి. పేటెంటు కేసులు చేసిన అడ్వకేటును చూసుకోండి. మీ ఊరి ఆస్తి కేసులు చూసే లాయరుగారు ఎంత సమర్థులైనా ఇది వారి పని కాదు.

కోర్టును ఏమి అడగాలి అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. పేటెంటు ఇప్పించమని అడగవచ్చు. అయితే మీ కేసులో సహజంగా వచ్చే ఫలితం, ఉత్తర్వును కొట్టివేసి, సవరించిన క్లెయిమును వేరొక అధికారి కారణాలతో సహా మళ్లీ పరిశీలించాలని వెనక్కి పంపడం. దాన్ని ఓటమి అనుకోకండి. సవరణ విషయంలో సెక్షన్ 59 హద్దు ఉంది: క్లెయిమును కుదించవచ్చు, సరిదిద్దవచ్చు, వివరించవచ్చు గానీ మొదట రాసినదానిని దాటి విస్తరించకూడదు. నాలుగో క్లెయిమును మొదటిదానిలో కలపడం కుదింపే గనుక మీకు ఇబ్బంది లేదు. ఇప్పుడు కొత్తగా తట్టిన కూలెంటు పంపు ఆలోచనను అందులో ఇరికించాలని అడిగారు, అది మాత్రం కుదరదు. దానికి వేరే దరఖాస్తు పెట్టుకోండి.

మీరు మామూలుగా రాసి వదిలేసిన ఒక వాక్యం నన్ను కలవరపెట్టింది. దరఖాస్తు పెట్టడానికి నాలుగు నెలల ముందు నరసాపురంలో స్నేహితుడి వర్క్‌షాపులో ఒక కిట్టు బిగించి చూశామన్నారు. సెక్షన్ 32 ప్రకారం దరఖాస్తు తేదీకి ఏడాది లోపల, సమంజసమైన పరీక్ష కోసమే, ఆ ఆవిష్కరణ స్వభావాన్ని బట్టి బహిరంగంగా పరీక్షించక తప్పని పరిస్థితిలో వాడితే అది మీకు చెరుపు కాదు. డబ్బు తీసుకుని అమ్మి ఉంటే సంగతి వేరు. ఉత్తర్వులో ఈ ప్రస్తావన లేదు కాబట్టి అప్పీలులో మీరు ఎత్తనక్కరలేదు. పేటెంటు వచ్చాక పోటీదారు ఎవరైనా దీన్ని తవ్వితీయవచ్చు గనుక, ఆ నాలుగు నెలల్లో జరిగినది ఉన్నది ఉన్నట్టుగా మీ అడ్వకేటుకు చెప్పండి, స్నేహితుడితో నడిచిన వాట్సాప్ సందేశాలు, పరీక్ష కొలతలు తీసి ఇవ్వండి.

ఖర్చు తట్టుకోగలమా అన్న ప్రశ్నకు ఎవరూ మీ తరఫున జవాబు చెప్పలేరు. పేటెంటు ఆయుష్షు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, అందులో కొన్ని ఇప్పటికే కరిగిపోయాయి. మరోవైపు, ఆకివీడు నుంచి అమలాపురం దాకా రొయ్యల చెరువులు ఉన్నంతకాలం ఈ షాఫ్టులు అరుగుతూనే ఉంటాయి, వాటిని నింపి తిప్పే చిన్న వర్క్‌షాపులవారు కొత్త సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) లేత్ కొనలేరు. పాత లేత్‌కు బిగించుకునే కిట్టుకు గిరాకీ ఉన్నది వారి దగ్గరే. ఈ పని విలువ తెలిసినవాడిగా, మొదటి విచారణ దాకా అయ్యే ఖర్చు భరించగలిగితే భరించమనే చెబుతాను. ఆ తరువాత కోర్టు ధోరణి చూసి నిర్ణయించుకోవచ్చు.

ఈలోగా ఒక పని ఈ వారమే చేయండి. ఫీడు తగ్గించి కోసినప్పుడు పాడైన షాఫ్టులను పాత ఇనుముకు వేసేస్తున్నామని రాశారు. అలా వేయకండి. ఒకే రకం వెల్డింగు ఉన్న మూడు షాఫ్టులు తీసుకుని, ఒకటి డీ1 పద్ధతిలో, అంటే ఫీడు తగ్గించి, ఒకటి మావయ్యగారి చేతితో, ఒకటి మీ కిట్టుతో కోయించండి. మూడింటి మీదా తేదీ, వేగం, ఫీడు పంచ్ కొట్టి, వాడిన టూలు మొనలను వేరువేరు డబ్బాల్లో వేసి, ఫొటోలు తీసి ఉంచండి. అప్పీలు దశలో కొత్త సాక్ష్యాన్ని కోర్టు తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు. కానీ ఫైలు మళ్లీ కంట్రోలర్ దగ్గరికి వెనక్కి వచ్చిన రోజున, అఫిడవిట్‌తోపాటు ఆ మూడు షాఫ్టులనూ బల్ల మీద పెట్టవచ్చు.